పాలసొర కొనే ముందు పొట్ట తిప్పి చూడండి

మా చెల్లికి బాబు పుట్టి ఇంటికొచ్చిన మూడో రోజు, పొద్దున్నే అమ్మ నా చేతిలో సంచీ పెట్టి "హార్బర్‌కెళ్ళి పాలసొర పట్రా, పెద్దవి వద్దు, చిన్నవే చూసి తే" అంది. వైజాగ్ వైపు వాళ్ళకి ఈ సీన్ చెప్పక్కర్లేదు, బాలింతకి పాలు పడాలంటే పాలసొర అనే షార్క్ పెట్టాల్సిందే, వెల్లుల్లి దండిగా వేసి పిట్టు చేస్తారు, మా అమ్మకి వాళ్ళమ్మ పెట్టింది, ఆవిడకి వాళ్ళమ్మ పెట్టుంటుంది. వెళ్ళేసరికి బోట్లు ఖాళీ చేస్తున్నారు, నేనెప్పుడూ కొనే చేపలమ్మే అప్ప దగ్గర మూరెడు కూడా లేని సొరలు ఏడెనిమిది వరసగా పేర్చి ఉన్నాయి. ఒకటి తీసి తిప్పి చూస్తే పొట్ట వైపు, ముందు రెక్కలు రెండింటి మధ్యలో, చిన్న గీతలా చిరిగి ఉంది. "ఇదేటప్పా, కత్తి తగిలీసిందా?" అన్నాను. ఆవిడ నవ్వి "కత్తి కాదు బాబూ, బొడ్డది, ఇంకా మానలేదు" అంది.

చేపకి బొడ్డేంటని మీకూ డౌటొచ్చి ఉంటుంది, నాకూ వచ్చింది. మామూలు చేపలు గుడ్లు వేలల్లో లక్షల్లో వదిలేసి వాటి దారిన అవి పోతాయి. సొరల్లో చాలా రకాలు పిల్లల్ని కంటాయి, అందులోనూ పాలసొర, హామర్‌హెడ్ (సుత్తి తల సొర) లాంటి వాటికైతే మనకున్నట్టే మాయ, బొడ్డుతాడు అన్నీ ఉంటాయి, పాలసొర తల్లి సుమారు ఏడాది మోస్తే ఒక ఈతకి మహా అయితే ఎనిమిది, మామూలుగా రెండు నుంచి ఐదు పిల్లలు. పుట్టినప్పుడు తాడు తెగిన చోట ఆ చీలిక ఉంటుంది, తర్వాత మెల్లగా మూసుకుపోతుంది. అంటే నా చేతిలో ఉన్నది పుట్టి ఎన్నో రోజులు కాలేదన్నమాట. ఇంట్లో మేనల్లుడి బొడ్డు కూడా అప్పటికింకా రాలలేదు.

ఆ రోజు సొర కొనలేదు, కానాగంతలనే చిన్న చేపలు తీసుకెళ్ళి అమ్మ చేత నాలుగు తిట్లు తిన్నాను. తర్వాత కొన్నేళ్ళుగా చదివి, హార్బర్ చుట్టూ తిరిగి, అడిగి తెలుసుకున్నది ఇక్కడ పెడుతున్నాను. ఇది చేపలు మానెయ్యండని చెప్పే పోస్ట్ కాదు, నేను వారానికి మూడు రోజులు చేపలు తినే మనిషిని. చేపల బజారుకెళ్ళే వాళ్ళు, ఇంట్లో బాలింత ఉన్నవాళ్ళు, సరదాగా గాలం వేసే వాళ్ళు, తీరంలో ఉండే వాళ్ళు, వీళ్ళు ఎక్కడెక్కడ ఏం చెయ్యొచ్చో అంతే.

ముందు ఒక అపోహ తీసేద్దాం. షార్క్‌లు చచ్చిపోతున్నాయంటే మనకి వెంటనే గుర్తొచ్చేది రెక్కల సూప్, ఎక్కడో హాంకాంగ్‌లో ఎవరో పెళ్ళి విందులో తాగేది, మనకి సంబంధం లేదనుకుంటాం. రెక్కల గొడవ నిజమే, రెక్కలు కోసి మిగతా ఒళ్ళు బతికుండగానే నీళ్ళలో పడేసేవాళ్ళు, దాని మీదే ప్రపంచమంతా చట్టాలొచ్చాయి. మన దగ్గర 2013లో రెక్కలు ఒంటికి ఉండగానే ఒడ్డుకి తేవాలన్నారు, 2015లో రెక్కల ఎక్స్‌పోర్ట్ మొత్తం బ్యాన్ చేశారు, అయినా 2018లో ముంబైలో, గుజరాత్‌లో కలిపి ఏకంగా 8,000 కిలోల రెక్కలు పట్టుబడ్డాయి, అది వేరే సంగతి. అసలు విషయం ఏంటంటే ఇన్ని చట్టాలొచ్చాక కూడా 2012 నుంచి 2019 మధ్యలో చేపల వేటలో చచ్చే షార్క్‌ల సంఖ్య ఏడాదికి 7.6 కోట్ల నుంచి 8 కోట్లకి పెరిగిందని 2024లో వచ్చిన పెద్ద స్టడీ లెక్క తేల్చింది, అందులో సుమారు రెండున్నర కోట్లు ఇప్పటికే అంతరించిపోయే ముప్పున్న రకాలు. ఎందుకు పెరిగింది అంటే రెక్కల కోసం కాకపోయినా మాంసం కోసం, నూనె కోసం పడుతున్నారు, అది కూడా నడి సముద్రంలో కన్నా తీరానికి దగ్గర్లో ఎక్కువ. తీరానికి దగ్గర్లో అంటే మన హార్బర్లే. షార్క్‌లు ఎక్కువగా పట్టే దేశాల్లో ఇండోనేషియా, స్పెయిన్ పక్కనే మన పేరు కూడా ఉంటుంది.

మనుషుల్ని షార్క్‌లు చంపేది మాత్రం ప్రపంచం మొత్తం మీద ఏడాదికి సగటున ఓ ఆరుగుర్ని.

సరే, బజారుకెళ్దాం. సొర కొనే అలవాటుంటే మొదటి పని నేను చేసిందే, తిప్పి చూడ్డం. ముందు రెక్కల మధ్య పొట్ట మీద చీలిక గానీ, ఎర్రగా పచ్చిగా ఉన్న మచ్చ గానీ కనిపిస్తే అది పురిటి పిల్ల, పక్కన పెట్టెయ్యండి. సైజు చూసి పిల్లా పెద్దా చెప్పెయ్యొచ్చు కదా అంటారేమో, అక్కడే చాలామంది పొరబడతారు, ఎందుకంటే మూతి పారలా చదునుగా ఉండే ఒక చిన్న రకం సొర ఉంది, అది ముసలిదైనా రెండున్నర అడుగులు దాటదు, పాలసొర పేరుతో దాన్నీ అమ్మేస్తుంటారు. అలాగే పదడుగుల దాకా పెరగగల హామర్‌హెడ్ పిల్ల కూడా అదే బుట్టలో అదే సైజులో కూర్చుంటుంది. కాబట్టి సైజుని నమ్మొద్దు, బొడ్డు చూడండి.

రెండోది తల. తల సుత్తిలా రెండు పక్కలకీ అడ్డంగా సాగి ఉండి, కళ్ళు ఆ చివరొకటి ఈ చివరొకటి ఉంటే అది హామర్‌హెడ్. మన తీరంలో దొరికే హామర్‌హెడ్ రకం ఒకటి పులి కన్నా ఎక్కువ ప్రమాదంలో ఉంది, ఇది మాటవరసకి అనట్లేదు, అంతరించే ముప్పున్న జీవుల అంతర్జాతీయ రెడ్ లిస్ట్‌లో పులి 'ఎన్‌డేంజర్డ్' అయితే ఇది 'క్రిటికల్లీ ఎన్‌డేంజర్డ్', అంటే ఒక మెట్టు పైన. పాలసొర దానికంటే రెండు మెట్లు కింద, 'వల్నరబుల్'. హామర్‌హెడ్ మాత్రం ఎంత చవకగా ఇచ్చినా వద్దు.

తలా రెక్కలూ తీసేసి మొండెం మాత్రం పెట్టారనుకోండి, అదేం రకమో మీకు తెలీదు, చాలాసార్లు అమ్మే వాళ్ళకీ తెలీదు. మా ఇంట్లో రూల్ ఏంటంటే తల లేని సొర కొనం. ముక్కలుగా కోసి అమ్ముతుంటే అసలు సొరా కాదా అని తేల్చుకోడానికి మూడు గుర్తులు. ఒకటి, తోలు మీద తల నుంచి తోక వైపుకి వేలు పోనిస్తే నున్నగా ఉంటుంది, అదే తోక నుంచి తల వైపుకి పోనిస్తే గరుకు కాయితంలా గీరుకుంటుంది. రెండు, ముక్క మధ్యలో గుండ్రంగా తెల్లటి మెత్తటి వెన్ను ఉంటుంది తప్ప పక్కటెముకలు, ముళ్ళు ఉండవు, అది ఎముక కాదు, మన చెవి డిప్పలో ఉండే మృదులాస్థి. మూడు, కాస్త నిలవున్నదైతే ముక్కు దగ్గర పెట్టుకోగానే అమ్మోనియా ఘాటు కొడుతుంది, సొర ఒంట్లో యూరియా ఉంటుంది కాబట్టి చచ్చాక అది అలా మారుతుంది. "బోన్‌లెస్ ఫిష్" అని చవగ్గా పెట్టే చోట ఈ మూడూ గుర్తుపెట్టుకోండి, ఏం చేపండీ అని అడిగితే తప్పులేదు.

ఇక అసలు ముట్టుకోకూడనివి. రంపంలా పొడుగ్గా పళ్ళున్న మూతితో ఉండే రంపపు చేప, ముందు సగం టేకు చేపలా (స్టింగ్‌రే) చదునుగా వెనక సగం సొరలా ఉండే గిటార్ ఆకారం చేపలు, చుక్కల వేల్ షార్క్. వీటిల్లో చాలావాటికి చట్టం రక్షణ ఉంది. వేల్ షార్క్‌ని 2001 నుంచి వన్యప్రాణి చట్టం షెడ్యూల్ వన్‌లో పెట్టారు, అంటే చట్టం దృష్టిలో పులీ అదీ ఒకటే, పట్టినా మాంసం అమ్మినా కనీసం 3 ఏళ్ళు, గరిష్ఠంగా 7 ఏళ్ళు జైలు, పాతిక వేలకి తగ్గకుండా ఫైను. రంపపు చేప కూడా అదే లిస్ట్. పాత ఇళ్ళల్లో గోడకి ఆ రంపం వేలాడదీసి ఉండడం కొంతమంది చూసే ఉంటారు, ఇప్పుడు ఆ చేప కనిపించిందంటేనే వార్త. మీకు గానీ కనిపిస్తే ఫోటో తీసి వైజాగ్‌లో ఉన్న సీఎంఎఫ్‌ఆర్‌ఐ (కేంద్ర సముద్ర మత్స్య పరిశోధనా సంస్థ) సెంటర్‌కి చెప్పండి, లేదంటే జీవుల ఫోటోలు పెట్టి గుర్తుపట్టే ఐనాచురలిస్ట్ యాప్‌లో పెట్టినా చూసేవాళ్ళు చూస్తారు. ఫోటో ఒకటి పక్క నుంచి, ఒకటి పొట్ట వైపు, సైజు తెలియడానికి పక్కన చెప్పో రూపాయి బిళ్ళో పెట్టండి, మీ మొహం అక్కర్లేదు.

ఇక్కడొక మాట. ఇదంతా చదివి బజారుకెళ్ళి అమ్మే ఆవిడ మీద అరవొద్దు ప్లీజ్. వడ్డీకి తెచ్చిన డబ్బుతో తెల్లారకుండా వేలంలో పాడుకుని కూర్చుంటుంది ఆవిడ. బోటు వాళ్ళు కూడా సొర కోసమే పోరు, రొయ్యలకి లాగే ట్రాల్ వలలో, వేరే చేపలకేసిన గిల్‌నెట్‌లో ఇవి పడతాయి. ఆ రోజు నేనడిగితే అప్ప ఏమందంటే "చిన్నవే అడుగుతారు బాబూ, లేతగా ఉంటాదని, పెద్దదానికంటే దానికే రేటు". మా అమ్మ కూడా అదే కదా అడగమంది. వలలో పడ్డ పిల్లకి రేటుంది కాబట్టే అది ఐసులోకి పోతోంది. ట్రాల్ వలలో గంటల తరబడి నలిగింది ఎలాగూ బతకదు, అది నేనూ ఒప్పుకుంటాను, కానీ గాలానికో చిన్న వలకో పడి ఇంకా కొట్టుకుంటున్నది మాత్రం, అమ్ముడుపోదంటే తిరిగి నీళ్ళలోకే వెళ్తుంది. కాబట్టి నేను చేసేది ఇంతే, అదే అప్ప దగ్గరే కొంటాను, "బొడ్డున్నది వద్దప్పా, ఇంకేటున్నాయి" అంటాను, కవ్వలో నెత్తళ్ళో కానాగంతలో ఏదో ఒకటి సంచీలో వేయించుకుంటాను. మొదట్లో నవ్వేది, ఇప్పుడు నన్ను చూడగానే సొర బుట్ట మీద గోనె కప్పేస్తుంది, దాని అర్థమేంటో నేను అడగలేదు.

బాలింతల సంగతికొద్దాం, అందరికీ కష్టమైంది ఇదే. పాలసొర అన్న పేరు మన దగ్గరే కాదు, ఇంగ్లీషులో కూడా దాన్ని మిల్క్ షార్క్ అనే అంటారు, ఆ పేరు రావడానికి కారణం కూడా ఇది తింటే పాలు పడతాయన్న మన ఇండియా వాళ్ళ నమ్మకమే. నమ్మకం పాతదే గానీ సముద్రం అప్పటిది కాదు. చిన్న చేపని పెద్ద చేప, దాన్ని ఇంకా పెద్దది తింటూ పోతే ఒక్కో మెట్టుకీ పాదరసం పోగవుతూ వస్తుంది, సొర ఆ మెట్ల పైన కూర్చునేది. అందుకే అమెరికాలో ఆహారం, మందుల సంగతి చూసే ప్రభుత్వ సంస్థ ఎఫ్‌డీఏ గర్భిణులు, పాలిచ్చే తల్లులు, చిన్నపిల్లలు తినకూడని చేపల లిస్ట్‌లో షార్క్‌ని పెట్టింది. అంటే మనం ఎవరికైతే ఏరికోరి పెడుతున్నామో వాళ్ళనే తినొద్దంటున్నారు. పెద్దవాళ్ళతో సముద్రం, పర్యావరణం అని మొదలుపెడితే పని జరగదు, అనుభవంతో చెప్తున్నా. "బిడ్డకి పాలల్లో పాదరసం వెళ్తుందట, డాక్టర్ని అడుగుదాం" అనండి, చాలు. డాక్టర్ ఎలాగూ బిడ్డని ఎన్నిసార్లు పట్టిస్తే అన్ని పాలు వస్తాయనే చెప్తారు, చిన్న చేపలు తినమంటారు.

ఇప్పుడు మందుల షాపు, బ్యూటీ షాపు, ఇవి త్వరగా చెప్పేస్తాను. షార్క్ లివర్ ఆయిల్ క్యాప్సూల్స్ అని దొరికేవి లోతు సముద్రంలో ఉండే సొరల కాలేయం నుంచి తీస్తారు, అవి ఇంకా నెమ్మదిగా పెరిగే రకాలు, ఒకసారి ఖాళీ అయితే కోలుకోడానికి దశాబ్దాలు. క్రీముల్లో స్క్వాలీన్, స్క్వాలేన్ అని లేబుల్ మీద ఉంటే, అదీ సొర కాలేయం నూనె నుంచి తీసింది కావచ్చు, దాని పక్కన చెరకు నుంచో ఆలివ్ నుంచో అని రాసుందా చూడండి, లేకపోతే కంపెనీకి మెయిల్ కొట్టండి, జవాబివ్వని బ్రాండ్ మనకెందుకు. షార్క్‌లకి క్యాన్సర్ రాదు, అందుకే వాటి మృదులాస్థి పొడి తింటే క్యాన్సర్ తగ్గుతుంది అని ఎవరైనా అమ్మొస్తే తలుపేసుకోండి, షార్క్‌లకి క్యాన్సర్ వస్తుంది, ఆ మందుని ఊపిరితిత్తుల క్యాన్సర్ పేషెంట్ల మీద ట్రయల్ చేసి పనిచెయ్యదని ఎప్పుడో తేల్చేశారు. బీచ్‌లో సొర పళ్ళ లాకెట్లు కూడా అంతే, వదిలెయ్యండి.

విదేశాల్లో ఉన్న మనవాళ్ళకి ఒక చిన్న హెచ్చరిక. మెల్‌బోర్న్‌లో ఫిష్ అండ్ చిప్స్ షాపులో 'ఫ్లేక్' అని రాసుంటే అది షార్క్, లండన్‌లో 'రాక్ సాల్మన్' అన్నా 'హస్' అన్నా అది కూడా షార్క్ జాతే, సాల్మన్‌కీ దానికీ ఏ చుట్టరికం లేదు.

గాలం వేసే వాళ్ళకి, ముఖ్యంగా రాళ్ళ మీద నుంచి వారాంతాల్లో వేసే కుర్రాళ్ళకి. సొర పిల్ల పడితే తోక పట్టి గాల్లో వేలాడదీసి ఫోటో దిగడం మానండి, దానికి ఎముకల గూడు లేదు కదా, నీళ్ళలో ఉన్నంతసేపే ఒళ్ళు తేలిగ్గా ఉంటుంది, బయట వేలాడదీస్తే లోపలి భాగాలు దాని బరువుకే జారి దెబ్బతింటాయి. తడి చేత్తో, ఒక చెయ్యి పొట్ట కింద ఒక చెయ్యి తోక మొదట్లో పెట్టి పట్టుకోండి. గాలం లోపలికి మింగేసి ఉంటే కెలక్కండి, దారం దగ్గరగా కోసెయ్యండి. గుండ్రంగా లోపలికి వంగి ఉండే సర్కిల్ హుక్ వాడితే అసలు మింగే గొడవే చాలావరకు ఉండదు, నోటి మూలన తగులుకుంటుంది. నీళ్ళలోకి విసరొద్దు, వంగి వదలండి.

చివర్లో పెద్దాయన గురించి, వేల్ షార్క్. ప్రపంచంలో ఇంతకన్నా పెద్ద చేప లేదు, ముదురు బూడిద రంగు ఒంటి మీద తెల్ల చుక్కలు, గీతలు, మూతి వెడల్పుగా బస్సు ముందు భాగంలా. పళ్ళతో కొరికే రకం కాదు, నోరు తెరుచుకుని నీళ్ళు వడకట్టుకుని అందులో సన్నటి పురుగూ పుట్రా తింటుంది. గుజరాత్‌లో ఒకప్పుడు దీన్ని కాలేయం నూనె కోసం వందల్లో చంపేవాళ్ళు, ఆ నూనె పడవలకి పూసేవాళ్ళు. 2004లో వైల్డ్‌లైఫ్ ట్రస్ట్ ఆఫ్ ఇండియా వాళ్ళు అక్కడ ప్రచారం మొదలుపెట్టినప్పుడు రామకథ చెప్పే గురువు మొరారీ బాపు దాన్ని పురిటికి పుట్టింటికొచ్చే కూతురితో పోల్చారు, 'వ్హాలీ' అని ముద్దు పేరు పెట్టారు, దాంతో పట్టే చేతులే వలలు కోసి వదలడం మొదలుపెట్టాయి, కోసిన వలకి ఫారెస్ట్ వాళ్ళు డబ్బులిచ్చారు, అలా వందల వేల్ షార్క్‌లు తిరిగి సముద్రంలోకి వెళ్ళాయి. నాకు ఇందులో నచ్చింది ఏంటంటే ఎవర్నీ భయపెట్టలేదు, ఆడపిల్ల మాట చెప్పి, వల ఖరీదు చేతిలో పెట్టారు.

మన దగ్గరా జరిగింది. 2021 డిసెంబర్‌లో విశాఖ దగ్గర తంతడి బీచ్‌లో వేల్ షార్క్ ఒకటి వలలో పడి తీరానికొస్తే ఫారెస్ట్ వాళ్ళు, మత్స్యకారులు కలిసి మళ్ళీ లోపలికి పంపారు, వల పాడైతే పరిహారం ఇస్తామని కూడా అప్పుడు చెప్పారు. ఒంటి మీద చుక్కల అమరిక ఒక్కోదానికీ ఒక్కోలా ఉంటుంది, మన వేలిముద్రల్లాగ, అందుకే ఎడమ పక్క నుంచి, ఐదు మొప్ప చీలికల వెనక భాగం బాగా పడేలా ఫోటో తీస్తే అదే చేప ఇంకెక్కడ కనిపించిందో పోల్చి చెప్పగలరు.

మీ బోటు వలలోనే పడితే ముందు ఇంజిన్ న్యూట్రల్ చెయ్యండి. తోకకి తాడు కట్టి లాగడం అన్నిటికన్నా పెద్ద తప్పు, వెనక్కి లాగితే మొప్పల్లోకి నీళ్ళు సరిగ్గా పోవు, దానికి ఊపిరాడదు. తల నీళ్ళలోనే ఉండనిచ్చి, వల ఎక్కడ బిగిసిందో చూసి అక్కడ కొయ్యండి, మొత్తం వల పోనక్కర్లేదు. తోక వైపు ఎవర్నీ నీళ్ళలోకి దిగనివ్వకండి, అది కావాలని కొట్టదు గానీ ఒక్క ఊపుకి పక్కటెముకలు పోతాయి. ఒకడు మొదటి నుంచీ వీడియో తీస్తూ ఉండాలి, వల కోస్తున్నదీ చేప వెళ్ళిపోతున్నదీ రెండూ పడాలి, పరిహారం అడగాలంటే అదే ఆధారం, గుజరాత్‌లో కూడా మత్స్యకారులే ఇలా తీసి చూపిస్తారు. ఒడ్డుకి కొట్టుకొచ్చిందైతే 112కి ఫోన్ చేసి ఫారెస్ట్ వాళ్ళకి చెప్పమనండి, వాళ్ళొచ్చేలోపు జనాన్ని దూరంగా ఉంచండి, మీద ఎక్కి సెల్ఫీలు దిగేవాళ్ళు ప్రతి ఊళ్ళోనూ ఉంటారు, మొప్పల మీద బకెట్లతో సముద్రం నీళ్ళు పోస్తూ ఉండండి, అల వచ్చినప్పుడల్లా తల సముద్రం వైపుకి తిరిగేలా నెట్టండి.

ఇంక పిట్టు. కానాగంతలు అరకిలో, పసుపు ఉప్పు వేసి కొంచెం నీళ్ళలో ఏడెనిమిది నిమిషాలు ఉడికించి చల్లారాక తోలు తీసి మధ్య ముల్లు పట్టి లాగితే మొత్తం ఒకేసారి వచ్చేస్తుంది. మాంసం చేత్తో చిదిమి, నూనెలో జీలకర్ర, ఉల్లిపాయ, రెండు పచ్చిమిరపకాయలు, ఒక పాయ మొత్తం వెల్లుల్లి దంచి వేసి, వేగాక ఇది కలిపి సన్నసెగ మీద పొడిపొడిగా అయ్యేదాకా తిప్పాలి, దించే ముందు మిరియాల పొడి, కొత్తిమీర. సొర అంత పొడిగా రాదు, కొంచెం నూనె వదుల్తుంది, కాబట్టి నూనె తక్కువ పొయ్యండి. పక్క ముళ్ళు సన్నవి ఒకటో రెండో మిగిలిపోతాయి, పళ్ళెంలో పలచగా పరిచి వేళ్ళతో ఇంకోసారి చూసుకుని అప్పుడు పెట్టండి, బాలింతకి పెట్టేది కదా.